కాలేజీ ఆటల నిర్వహణ – 4వ పాఠం: చీటీలు తీసే రోజు

పోయిన పాఠంలో ఎంట్రీ ఫారాలు, బోనఫైడ్‌లు (ఆ కాలేజీ విద్యార్థే అనే సర్టిఫికెట్లు) సరిచూడటం అయింది. ఇప్పుడు ఫిక్చర్, అంటే ఎవరితో ఎవరు ఎప్పుడు ఆడాలో రాసే పట్టిక. పీడీ (ఫిజికల్ డైరెక్టర్) మీద నమ్మకం కుదిరినా చెడినా ఇక్కడే. టోర్నమెంట్లలో సగం పంచాయితీలు ఆట కోర్టులో పుట్టవు, ఆఫీసు గదిలో తలుపేసుకుని రాసిన ఫిక్చర్‌లో పుడతాయి.

మహబూబ్‌నగర్‌లో ఒక డిగ్రీ కాలేజీ కబడ్డీ నాకౌట్ (ఓడిన జట్టు ఇంటికే) పెట్టిందనుకోండి. గద్వాల, వనపర్తి, నారాయణపేట, అచ్చంపేట వైపు నుంచి కలిపి 11 జట్లు. 11 తర్వాత వచ్చే రెండు ఘాతం (2, 4, 8, 16 వరసలో) 16. 16లోంచి 11 తీస్తే 5. అంటే ఐదు జట్లకు బై, మొదటి రౌండు ఆడకుండానే రెండో రౌండుకు పోతాయి. మొత్తం మ్యాచ్‌లు ఎప్పుడూ జట్లకంటే ఒకటి తక్కువ, ఇక్కడ 10. అదే అందరూ అందరితో ఆడే లీగ్ అయితే 55, దాని జోలికి పోవద్దు.

ఫిక్చర్ పై సగంలో 1 నుంచి 6 చీటీ నంబర్లు, కింది సగంలో 7 నుంచి 11. బైలు ఈ వరసలో వేయాలి: 11, 1, 7, 6, 10. మొదటి రౌండులో 2–3, 4–5, 8–9 ఆడతాయి.

ఈ లెక్క ముందే కాగితం మీద ఉండాలి, పేర్లు మాత్రం ఉండకూడదు. ముందురోజు సాయంత్రం 5కు ఎంట్రీలు మూసేసి, మేనేజర్లను కూర్చోబెట్టండి. రాలేనివాళ్లకు వీడియో కాల్ చేయండి. ఒకే కాగితం, ఒకే మడత, 11 అంకెలు ఒక స్టీలు చెంబులో. ఎవరి చీటీ వాళ్లే తీయాలి. ఆతిథ్య కాలేజీ చీటీ చివర్న, మిగిలిందే వాళ్లది. మన జట్టుకు బై పడ్డా అప్పుడు ఎవరూ నోరెత్తరు. సంతకాలు చేయించి, ఫొటో గ్రూపులో పెట్టేయండి.

చీటీలు తీశాక పన్నెండో జట్టు బస్సు దిగి బతిమాలుతుంది. తీసుకోవద్దు. ఎవరైనా రాకపోతే ఎదుటి జట్టుకు వాకోవర్ (ఆడకుండానే గెలుపు), అంతే. మళ్లీ చీటీలు వేస్తే బై పోయినవాళ్లు ఊరుకోరు, వాళ్ల కోపం న్యాయమే.

20 నిమిషాల ఆట, 5 విరామం, మళ్లీ 20 ఆట, టైమౌట్లు కలిపి మ్యాచ్‌కు గంట. రెండు కోర్టులు ఉంటే:

10కి 2–3, 8–9
11కి 4–5, 10–11
12కి 1, 7 నంబర్ల మ్యాచ్‌లు (2–3, 8–9 విజేతలతో)
1కి 6వ నంబరు మ్యాచ్ (4–5 విజేతతో)
3కు రెండు సెమీస్
4:30కు ఫైనల్

10–11ను ముందే ఆడించొచ్చు, ఇద్దరివీ బైలే కదా. 4–5లో గెలిచినవాళ్లకు మధ్యలో గంట విశ్రాంతి దొరికిందో లేదో చూడండి. కోర్టుకు రెఫరీ, ఇద్దరు అంపైర్లు, స్కోరర్, ఇద్దరు సహాయకులు చొప్పున 12 మంది కావాలి. వాళ్ల భోజనం ఎప్పుడో కూడా ఈ కాగితం మీదే రాయండి. చాలామంది మరిచిపోయేది అదే.

అభ్యాసం: 13 జట్లు, ఒకటే కోర్టు. బైలెన్ని, ఏ నంబర్లకు, ఎన్ని రోజులు పడుతుంది? మీరే వేసి చూడండి. జవాబు 5వ పాఠంలో.