కట్టెల పొయ్యి పొగ పక్కింటికి పోతోందా? లోపం ఎక్కడుందో, ఎలా సరిచేయాలో

గ్యాస్ వచ్చాక కట్టెల పొయ్యి వంటింట్లోంచి పెరట్లోకో డాబా మీదికో మారిందే గానీ పోలేదు. స్నానాలకు వేణ్ణీళ్ల బాయిలర్, సందు చివర టిఫిన్ హోటల్, ఫంక్షన్ హాలు వెనక గాడి పొయ్యి, ‘కట్టెల పొయ్యి వంట’ అని బోర్డు పెట్టిన రెస్టారెంట్లు, అన్నీ ఇళ్ల మధ్యే ఉన్నాయి. పల్లెలో ఇంటికీ ఇంటికీ మధ్య ఎడం ఉంటుంది. పట్నంలో మూడడుగుల సందు దాటితే ఇంకొకరి పడగ్గది కిటికీ.

పొగ మీద గొడవ రాగానే చాలామంది గొట్టం ఎత్తు పెంచడానికి పూనుకుంటారు. అది ఆఖరున చేయాల్సిన పని. పొగ అంటే కాలకుండా తప్పించుకున్న కట్టె. కట్టె వేడెక్కినప్పుడు దాని బరువులో దాదాపు ముప్పావు వంతు వాయువులుగా బయటికొస్తుంది, మిగిలేది బొగ్గు. ఆ వాయువులు పూర్తిగా కాలాలంటే చాలినంత వేడి, గాలి, మంట సాగడానికి కాస్త చోటు కావాలి. మూడిట్లో ఏది తగ్గినా అవి పొగగా పోతాయి. అందుకే ముందు కట్టె, తర్వాత పొయ్యి, ఆ తర్వాత గొట్టం. ఈ వరసలోనే చూసుకురండి.

వెలిగించిన పావుగంట తర్వాత గొట్టం చివర చూడండి. వెలిగించేటప్పుడు కాస్త పొగ ఎవరికైనా తప్పదు. పావుగంటకి అక్కడ వేడికి గాలి అల్లల్లాడటం తప్ప పెద్దగా ఏమీ కనిపించకూడదు. ఇంకా చిక్కగా వస్తుంటే కింది లక్షణాల్లో మీది ఏదో పోల్చుకోండి.

తెల్లటి పొగ ఆగదు, కట్టె కొసల నుంచి నురగ, చిటచిట చప్పుడు

కట్టె పచ్చిది. అప్పుడే కొట్టిన కట్టె బరువులో సగం దాకా నీరే ఉండొచ్చు. అలాంటి కిలో కట్టెను పొయ్యిలో పెడితే ముందు అర లీటరు నీటిని ఆవిరి చేయాలి. ఆ వేడితో నాలుగు లీటర్లకు పైగా చన్నీళ్లు మరిగించొచ్చు. అంత వేడి నీటికే పోతే మంట చల్లబడుతుంది, వాయువులు కాలవు. పొగ ఎక్కువ, వంట ఆలస్యం, కట్టె దుబారా, మూడూ ఒక్క కారణంతోనే.

కొనేటప్పుడు చూడాల్సినవి: కొసల్లో బీటలు ఉండాలి, బెరడు చేత్తో లాగితే ఊడాలి, రెండు ముక్కలు ఒకదానితో ఒకటి కొడితే ఖంగుమనాలి. ‘దబ్’ అని మొద్దుగా మోగితే పచ్చి. రెండు సూదుల తేమ మీటరు ఉంటే ముక్కను అప్పుడే చీల్చి లోపలి ముఖం మీద గుచ్చాలి. పైన గుచ్చితే ఎండిన పైపొరనే చదువుతుంది, లోపలి తడి తెలియదు. 20 శాతం లోపు రావాలి. మీటరు లేకపోతే ఒక ముక్కకు గుర్తు పెట్టి వారానికోసారి వంటింటి త్రాసులో తూచండి. బరువు తగ్గడం ఆగినప్పుడు ఎండినట్టు.

దుంగ దుంగగా ఎండబెడితే ఏడాదైనా లోపల తడే ఉంటుంది. రెండు మూడు అంగుళాల మందానికి చీల్చాకే పేర్చాలి. కింద ఇటుకలు పెట్టి నేలకు అరడుగు ఎత్తులో, ముక్కల మధ్య గాలి ఆడేలా. పైన మాత్రమే రేకు కప్పాలి. టార్పాలిన్‌తో చుట్టూ మూసేస్తే తడి లోపలే ఉండి బూజు పడుతుంది. మార్చి నుంచి మే దాకా ఎండిన చీలికలు ఆ ఏడాదంతా వాడుకోవచ్చు. వానాకాలంలో కొన్న కట్టెను ఆ వారమే వాడాలనుకోవడమే చాలా ఫిర్యాదులకు మూలం.

సరుగుడు, సర్కారు తుమ్మ, నల్ల తుమ్మ, సుబాబుల్ ఏదైనా ఫరవాలేదు, ఎండితే చాలు. ఫలానా చెట్టు కట్టె పొగ రాదు అని అమ్మేవాళ్లు చెప్పేదానికంటే తేమే ముఖ్యం. కొబ్బరి మట్టలు, పిడకలు, పత్తి కట్టె మాత్రం ఎండినా పొగ ఎక్కువే ఇస్తాయి. ఇళ్ల మధ్య వాటిని రాజేయడానికి ఒకటి రెండు తప్ప అసలు వంటచెరకుగా వాడకండి.

ఊదుతున్నంతసేపే మంట, ఆపితే పొగ

ఊదుగొట్టం చేతిలోంచి దించలేకపోతున్నారంటే పొయ్యికి గాలి అందడం లేదు. కారణాలు సాధారణంగా మూడు. మొదటిది, కట్టె బూడిదలో పడుకుని ఉంటుంది, కిందినుంచి గాలి రాదు. రెండోది, పొయ్యి నోరంతా కట్టెలతో కుక్కేస్తారు. మూడోది, గిన్నె పొయ్యికి అతుక్కుని కూర్చుంటుంది, వేడి గాలి బయటికి పోలేక కొత్త గాలి లోపలికి రాదు.

- బూడిద రోజూ తీయండి. కట్టె కింద ఇనుప చువ్వల జాలి పెట్టండి: 8 లేదా 10 మిల్లీమీటర్ల చువ్వలు, మధ్యలో అరంగుళం సందు, నేలకు కనీసం రెండంగుళాల ఎత్తు. మన పొయ్యిల్లో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత తేడా తెచ్చే మార్పు ఇంకోటి లేదు.
- పొయ్యి నోటిలో కింది మూడో వంతు ఖాళీగా ఉండాలి. చిన్న రేకు పలక అడ్డంగా పెట్టి దాని మీద కట్టెలు ఆనించండి, కిందంతా గాలికి వదలండి.
- ఒకేసారి నాలుగు లావు కట్టెలు కాదు, వేలి లావు నుంచి మణికట్టు లావు దాకా ఉన్నవి రెండు మూడు. కొసలు మాత్రమే కాలుతుండాలి, కాలే కొద్దీ లోపలికి జరపాలి. కట్టె మొత్తం లోపలికి తోసేస్తే అంతా ఒక్కసారే వేడెక్కి కాల్చగలిగినదానికంటే ఎక్కువ వాయువు వదులుతుంది.
- గిన్నె కూర్చునే మూడు గుబ్బలూ ముప్పావు నుంచి ఒక అంగుళం ఎత్తు ఉండాలి.

కొత్తగా కట్టుకునేవాళ్లు మోచేతి ఆకారపు రాకెట్ పొయ్యి కట్టుకుంటే మేలు. నోరు 12 సెంటీమీటర్ల చదరం, లోపలి నిలువు 30 సెంటీమీటర్లు, లోగోడకూ బయటి గోడకూ మధ్య పొడి బూడిద నింపాలి. బూడిద లోపలి వేడిని బయటికి పోనివ్వదు. గట్టి ఇటుకతో మందంగా కడితే మొదటి అరగంట వేడంతా గోడే తాగేస్తుంది.

రెడీమేడ్ పొయ్యి కొంటే ఐఎస్ 13152 (భారత ప్రమాణాల సంస్థ పెట్టిన ప్రమాణం) గుర్తు చూడండి. ఆ ప్రమాణం ప్రకారం కట్టె ఇచ్చే వేడిలో మామూలు పొయ్యి అయితే కనీసం 25 శాతం, ఫ్యాన్ ఉన్నదైతే 35 శాతం గిన్నెకు అందించాలి. పొగ కణాలకూ పరిమితి ఉంది. ఫ్యాన్ ఉన్నవి నిజంగానే పొగ తక్కువ, కానీ చిన్న ముక్కలే వేయాలి, ఫ్యాన్ ఆగితే మామూలు పొయ్యికంటే అన్యాయం.

నీళ్ల బాయిలర్ ఎప్పుడూ పొగే

ఇది బాయిలర్ తీరులోనే ఉన్న లోపం. నిప్పు గొట్టం చుట్టూ నీళ్లుంటాయి. ఆ గోడ వేడి 100 డిగ్రీలు దాటదు. మంట వెళ్లి దానికి తగలగానే చల్లారుతుంది, కాలని వాయువులు మసిగా, తారుగా గోడకు అంటుకుంటాయి, మిగిలింది పైనుంచి పక్కింటికి. పొడుగు కట్టెలు పైనుంచి నిలువుగా దింపితే మరీ ఘోరం.

బాయిలర్‌లో కట్టె బదులు కట్టె బొగ్గు వేయండి. కట్టే వేయాలంటే జానెడు ముక్కలు, బొటనవేలి లావు, గొట్టంలో మూడో వంతు మించకుండా. అడుగు జల్లెడ రంధ్రాలు బూడిదతో పూడిపోలేదా రోజూ చూడండి. లోపల పేరుకున్న తారు పొరను నెలకోసారి ఇనుప బ్రష్‌తో గీకాలి. ఆ పొర నీళ్లు కాగడాన్నీ ఆలస్యం చేస్తుంది. ఇంతా చేసి, ఇంటిల్లిపాదీ పొద్దున్నే స్నానం చేసే ఇంట్లో సోలార్ హీటర్ పెట్టుకునే చోటుంటే బాయిలర్‌ను అటక ఎక్కించడమే మంచిది.

నల్లటి పొగ, ఘాటు వాసన, కళ్లు మంట

పొయ్యిలో కట్టె కానిదేదో ఉంది. టిఫిన్ సెంటర్లు వడ్రంగి షాపుల నుంచి తెచ్చుకునే ముక్కల్లో ప్లైవుడ్, ఎండీఎఫ్, సన్‌మైకా అంటిన చెక్కలు కలిసి వస్తాయి. వాటి జిగురులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. పాత తలుపుల రంగులో సీసం ఉండొచ్చు. పీవీసీ ముక్క పడితే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి. రాజేయడానికి వేసే పాల కవర్లు, టైరు ముక్కలు, వాడేసిన ఇంజన్ ఆయిల్ కూడా ఈ కోవే. భోగి మంటల్లో టైర్లు వేసేవాళ్లకు ఏడాదికి ఒక్కరోజే కదా అని ఒక సాకు ఉంది. హోటల్‌కి అదీ లేదు.

ప్యాకింగ్ చెక్కల మీద ముద్ర ఉంటే చదవండి. హెచ్.టి. అంటే వేడితో శుద్ధి చేసింది, పర్వాలేదు. ఎం.బి. అంటే మిథైల్ బ్రోమైడ్ పట్టించింది, వద్దు. ఆకుపచ్చ ఛాయ ఉన్న కలప రసాయనం ఎక్కించినదై ఉండొచ్చు, అందులో ఆర్సెనిక్ ఉంటే బూడిద కూడా విషమే. ముట్టుకోకండి. రాజేయడానికి ఎండు చిదుగులు, కొబ్బరి పీచు చాలు.

గొట్టం ఉంది, అయినా పొగ వంటింట్లోకే తంతోంది

పొగ గొట్టం పొయ్యి మన దగ్గర కొత్త కాదు. 1950ల మొదట్లోనే హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీలో ఎస్.పి. రాజు గొట్టమున్న పొగరాని పొయ్యికి రూపమిచ్చారు. 1980ల్లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా అలాంటివి కట్టించింది. చాలా ఇళ్లలో అవి మూలపడ్డాయి. గొట్టం పెట్టినవాళ్లున్నారు, దాన్ని తుడిచేవాళ్లు లేకపోయారు.

ఒక అగరొత్తి వెలిగించి చల్లటి పొయ్యి నోటి దగ్గర పట్టుకోండి. పొగ లోపలికి వెళ్తే గొట్టం లాగుతోంది. బయటికి తోస్తే ఇవి చూడండి:

- వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతోందా? అది గదిలో గాలినంతా లాగేసి గొట్టంలోంచి పొగను వెనక్కి తెస్తుంది. ఫ్యాన్ ఆపి, కిటికీ బెత్తెడు తెరిచి మళ్లీ చూడండి. చాలా ‘పాడైన’ గొట్టాలు ఇక్కడే బాగవుతాయి.
- గొట్టం చల్లగా ఉందా? పొయ్యి వెలిగించేముందు గొట్టం మొదట్లో ఒక కాగితం వెలిగించి వేడి చేయండి.
- ఇంటి పొయ్యికి నాలుగు అంగుళాల పైపు కావాలి. మసి పేరుకుని అది మూడు అంగుళాలైతే వైశాల్యం దాదాపు సగానికి పడిపోతుంది. నెలకోసారి తాడుకు గోనె ముడి కట్టి పైనుంచి దింపి లాగండి. ఈ పేరుకున్న తారు ఒకోసారి గొట్టంలోనే అంటుకుంటుంది.
- 90 డిగ్రీల మలుపుల బదులు 45 డిగ్రీల వంపులు పెట్టండి, రెండు మించకూడదు. అడ్డంగా పరుగెత్తే పైపు ఎంత తక్కువైతే అంత మంచిది.
- పై టోపీ పైపు మూతికి మరీ దగ్గరగా ఉంటే లేపండి. పిచ్చుక గూడు ఉందేమో చూడండి.

పాత ఆస్బెస్టాస్ సిమెంటు పైపైతే కోయడం, రాపడం చేయవద్దు. దాని పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మార్చాలంటే మొత్తంగా దించి రేకు గొట్టం పెట్టించండి.

మన పెరట్లో పొగ లేదు, పక్కింటివాళ్లు గోల పెడుతున్నారు

ఇప్పుడు గొట్టం ఎత్తు వంతు. అమెరికాలో ఇళ్ల పొగ గొట్టాలకు పాటించే లెక్క మన డాబాలకూ పనికొస్తుంది: కప్పును దాటిన చోటికి కనీసం మూడడుగులు, పదడుగుల చుట్టుపక్కల ఉన్న దేనికన్నా రెండడుగులు ఎత్తు. అంటే మూడడుగుల పిట్టగోడ ఉంటే ఐదడుగులు. మెట్ల గది, నీళ్ల ట్యాంకు పక్కన ఉంటే వాటినీ లెక్కపెట్టండి. వాటి వెనక గాలి సుడి తిరిగి పొగను కిందికి తోస్తుంది.

పక్కది మూడంతస్తుల అపార్ట్‌మెంట్, మీది ఒక అంతస్తు అయితే ఏ గొట్టమూ చాలదు. అక్కడ రోజూ కట్టెల పొయ్యి వెలిగించడం కుదరదని ఒప్పుకోవాలి. గ్యాస్‌కో ఇండక్షన్‌కో మారండి.

చలికాలం పొద్దున్నే మాత్రం వీధంతా పొగ

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రాత్రి నేల చల్లబడి, నేలనంటిన గాలి పై గాలి కంటే చల్లగా ఉంటుంది. పైన మూత పెట్టినట్టు పొగ అక్కడే ఆగిపోతుంది. పొయ్యిలో లోపమేమీ ఉండదు. ఎండ పొడిచి నేల వేడెక్కేదాకా, అంటే సుమారు తొమ్మిది దాకా ఆగి వెలిగిస్తే అదే పొగ పైకి వెళ్లిపోతుంది. హోటళ్లు తెల్లవారుజామున ఆగలేవు కాబట్టి ఆ మూడు నాలుగు గంటలూ గ్యాస్ మీద నడపాలి.

ఫంక్షన్ హాలు గాడి పొయ్యి

గాడి గాలి వచ్చే దిక్కుకు అడ్డంగా తవ్వితే రెండు వైపులా పొగ కక్కుతుంది. గాలి దిక్కుకే పొడుగ్గా తవ్వి, గాలొచ్చే కొస తెరిచి ఉంచాలి. కట్టె మట్టి మీద కాకుండా ఇటుకల మీద. దేగిసాల మధ్య ఖాళీలు రేకుతో మూస్తే వేడి వృథా కాదు. వంట అయ్యాక నీళ్లు చల్లి ఆర్పడం వల్ల లేచే పొగే ఎక్కువమందిని ఇబ్బంది పెడుతుంది. కట్టెలు బయటికి లాగి మట్టి కప్పండి.

పొగ లేదు, తలనొప్పి, వికారం

బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తోంది. రంగు, వాసన ఉండవు. మనిషిని వెంటనే బయటి గాలిలోకి తీసుకెళ్లి 108కి ఫోన్ చేయండి. బాయిలర్, కుంపటి ఏదీ తలుపులు మూసిన గదిలో, బాత్‌రూమ్‌లో పెట్టకూడదు.

పొగ పీల్చేది మీరైతే

పొగ వచ్చే వేళల్లో అటువైపు కిటికీలు మూసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపండి. అది తిరిగితే బయటి పొగనే సందుల్లోంచి లాగుతుంది. గాలి శుద్ధి చేసే ప్యూరిఫయర్ కొంటే సన్నటి పొగ కణాలను పట్టే హెపా ఫిల్టర్ ఉన్నది, గది విస్తీర్ణానికి సరిపోయేది తీసుకోండి. వాసన పోవాలంటే బొగ్గు ఫిల్టర్ కూడా ఉండాలి. పీఎం 2.5ను, అంటే ఊపిరితిత్తుల లోతుకు పోయే సన్నటి కణాలను కొలిచే చవక మీటర్లు మంచు పట్టిన ఉదయాల్లో ఎక్కువ చూపిస్తాయి, కాబట్టి ఎండ వేళ చదివినవి కూడా రాసుకోండి. మన దేశంలో ఈ కణాలకు 24 గంటల సగటు పరిమితి ఘనపు మీటరు గాలికి 60 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15.

ముందు వెళ్లి మాట్లాడండి, కట్టె ఎండిందో లేదో ఇద్దరూ కలిసి చూడండి. వినకపోతే తేదీ, టైము కనిపించే ఫొటోలతో మున్సిపాలిటీకి రాతపూర్వకంగా ఇవ్వండి. హోటలో ఫంక్షన్ హాలో అయితే కాలుష్య నియంత్రణ మండలికి కూడా. చుట్టుపక్కల అందరికీ రోజూ జరిగే ఇబ్బందికి భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఆర్డీఓకు దరఖాస్తు పెట్టొచ్చు. దాన్ని తొలగించమని షరతుతో ఆదేశమిచ్చే అధికారం ఆయనకుంది. పాత చట్టంలో (సీఆర్‌పీసీ) ఇది 133వ సెక్షన్, ఇప్పటికీ చాలామంది ఆ నంబరే చెబుతుంటారు, దరఖాస్తులో మాత్రం కొత్తదే రాయండి.