పాత దూరదర్శన్ సీరియళ్లు చూసి రిపోర్టింగ్‌కి పదును పెట్టుకోవడం ఎలా

ఇది స్టేట్ బ్యూరోలో కూర్చునే పెద్దల కోసం కాదు. మండలంలో తిరిగి, ప్రెస్‌నోట్లు తిరగరాసి, సాయంత్రానికల్లా ఐటమ్స్ పంపేసి, పొద్దున్నే జిల్లా పేజీలో మన వార్త ఏ మూల సింగిల్ కాలమ్‌లో పడిందో వెతుక్కునేవాళ్ల కోసం. రాత్రి ఇంటికొచ్చాక ఎలాగూ ఫోన్‌లో ఏదో ఒకటి చూస్తాం కదా, ఆ చూసేదేదో పనికొచ్చేలా చూద్దాం.

ప్రసార భారతి ఆర్కైవ్స్ యూట్యూబ్ ఛానెల్‌లోనూ, 2024లో వాళ్లే తెచ్చిన వేవ్స్ యాప్‌లోనూ పాత కార్యక్రమాలు చాలా ఉన్నాయి. రామాయణ, మహాభారతాల్ని ఇంట్లో పెద్దవాళ్లకి వదిలేయండి. మనం మొదలుపెట్టాల్సింది 1986 నాటి ‘నుక్కడ్’తో. కుందన్ షా, సయీద్ అఖ్తర్ మీర్జా తీశారు. ఒక వీధి మలుపు, చిన్న హోటలు, సైకిల్ రిపేర్ షాపు, ఒక ఎలక్ట్రీషియన్, ఒక తాగుబోతు, అంతే సరంజామా. హిందీ అంతంతమాత్రమైనా ఫర్వాలేదు. ఒక ఎపిసోడ్ మామూలుగా చూసేసి, రెండోసారి సౌండ్ తీసేసి చూడండి. ఎవరి చేతులు ఏం చేస్తున్నాయి, ఎవరొస్తే మిగతావాళ్లు మాట మారుస్తున్నారు, డబ్బు సంగతి వచ్చినప్పుడు ఎవరు పక్కకి చూస్తున్నారు, ఇవి చిత్తు కాగితం మీద రాసుకోండి.

మర్నాడు మీ ఏరియాలో అలాంటి సెంటర్ ఒకటి చూసుకుని, ఐడీ కార్డు జేబులో పెట్టుకుని, ఓ గంట ఊరికే కూర్చోండి. ఏమీ అడగొద్దు. విలేకరి అని తెలిస్తే జనం మనకి కావాల్సింది చెప్తారు, తెలియకపోతే వాళ్లకి పట్టే సంగతులు మాట్లాడుకుంటారు. అయితే చెవిన పడ్డది పడ్డట్టు రాసేయకూడదు, వెళ్లి మనం ఎవరమో చెప్పి, అడిగి, అప్పుడే రాయాలి.

తర్వాత 1985లో వచ్చిన ‘రజని’. బాసు చటర్జీ తీసిన ఈ సీరియల్‌లో ప్రియా టెండూల్కర్ వేసిన గృహిణి, ఎక్కడ అన్యాయం కనబడితే అక్కడ నిలదీస్తుంది. ఫిర్యాదు వార్త రాయడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు కనబడలేదు, ఎందుకంటే ఆవిడ ‘వ్యవస్థ’ మీద ఉపన్యాసం ఇవ్వదు, ఎదురుగా ఉన్న మనిషిని పట్టుకుని అడుగుతుంది. మనమూ అంతే, ఏ కౌంటరు, ఏ తేదీ, ఎవరేమన్నారు, రసీదు ఉందా. కానీ ఒక్క తేడా గుర్తుపెట్టుకోవాలి. టాక్సీవాళ్ల మీద వచ్చిన ఎపిసోడ్ చూసి బొంబాయి టాక్సీ డ్రైవర్లు నిరసనకి దిగారు. రజనికి ఒక పక్షం ఉంది కాబట్టి సీరియల్‌లో చెల్లింది, మనం మాత్రం ఫోన్ చేసి అవతలివాళ్ల వివరణ తీసుకుని తీరాలి, అదీ చివరి లైన్‌లో మొక్కుబడిగా ఇరికించడం కాదు.

ఇప్పుడు ఇంట్రో, అంటే వార్త మొదలయ్యే వాక్యాలు. మనం రోజూ రాసేది ఇలా ఉంటుంది: ‘కాలనీలో తాగునీటి సమస్య తీవ్రంగా ఉందని, అధికారులు పట్టించుకోవడం లేదని స్థానికులు ఆరోపిస్తున్నారు.’ ఇందులో మనిషి లేడు, నీళ్లూ లేవు. అదే కెమెరా కొళాయి దగ్గర పెట్టినట్టు ఊహించుకుని రాస్తే: ‘తెల్లవారుజామున నాలుగింటికి కొళాయి వస్తుంది. రాత్రే బిందెలు వరుసలో పెట్టి, ఇంటికొకరు కాపలా పడుకుంటున్నారు.’ ఆరోపణ అక్కర్లేదు, చూసింది రాస్తే చాలు. అయితే నిజంగా చూసి రాయాలి, అంటే నాలుగింటికి లేవాలి, తప్పదు.

ఆఫీసు వార్తలకి ‘వాగ్లే కీ దునియా’ చూడండి. కార్టూనిస్ట్ ఆర్.కె.లక్ష్మణ్ పాత్రలు, 1988 నాటిది. గుమాస్తా వైపు నుంచి లోకం ఎలా కనిపిస్తుందో పట్టుబడితే, ఫైలు ఎక్కడ ఆగిందో ఎవర్ని అడగాలో మీకే తెలుస్తుంది. సమాచారం అధికారి దగ్గర కాదు, ఆయన గది బయట టేబుల్ దగ్గర ఉంటుంది.

రాసింది పంపేముందు ఒకసారి పైకి చదవండి. 1983 నవంబర్ 14న దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివిన శాంతి స్వరూప్ గారికి టెలీప్రాంప్టర్ (కెమెరా దగ్గర వార్త అక్షరాలు చూపించే తెర) లేదు, వార్తల్ని ముందే మనసులో పెట్టుకుని మన కళ్లలోకి చూస్తూ చెప్పేవారు. మీ వాక్యం ఆయన నోట్లో ఇముడుతుందా అని చూసుకోండి. ‘పేర్కొంటూ, కోరుతూ, హెచ్చరిస్తూ’ అని గొలుసు సాగుతుంటే ఊపిరి ఎక్కడ అందడం లేదో అక్కడ ఫుల్‌స్టాప్ కొట్టేయండి.

ఒక్క విషయంలో మాత్రం సీరియల్‌ని అనుసరించొద్దు. వాళ్లు అసలు సంగతిని చివరిదాకా దాస్తారు, మన దగ్గర డెస్క్‌లో వార్తలు దిద్దేవాళ్ల కత్తెర వార్త కింద నుంచే పడుతుంది. అందుకే కొళాయి దగ్గరి మనిషి మొదటి రెండు లైన్లలోనే రావాలి, ‘ఈ కార్యక్రమంలో పాల్గొన్నవారు’ జాబితా అట్టడుగుకి పోవాలి. పేరు రాలేదని పొద్దున్నే ఫోన్లు వస్తాయి. పేజీలో స్థలం చాల్లేదని చెప్పండి, సగం నిజమేగా.