నూరువరహాల చిగురు పసుపెక్కిందా? ముందు పోసే నీళ్లు చూడండి

నల్గొండ, మిర్యాలగూడ వైపు ఇళ్లలో ఎప్పుడూ వినే మాట: "ఎంత ఎరువేసినా పసుపు పోతలేదు." ఎరువు వేసే ముందు ఏ ఆకు పసుపెక్కిందో చూడండి. ఈ ఒక్కటి ఎవరూ చూడరు. అడుగు ఆకులు మొత్తం పసుపైతే నత్రజని చాలలేదు, మాగిన పశువుల ఎరువుతో కోలుకుంటుంది. ఆకులు వాలిపోయి మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే కుండీ రంధ్రం మూసుకుపోయింది, పుల్లతో పొడవండి. కొస చిగురు పసుపెక్కి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే అది ఇనుము లోపం.

మట్టిలో ఇనుము లేక కాదు. మన ఎర్ర చల్క నేలకు ఆ ఎరుపు ఇనుముతోనే వచ్చింది. మొక్క దాన్ని తీసుకోలేకపోతోంది, అంతే. అడ్డుపడేది బోరు నీళ్లలోని బైకార్బొనేట్ అనే క్షార ఉప్పు. నర్సరీ నుంచి తెచ్చినప్పుడు మొక్క నిగనిగలాడుతుంది. నెలల తరబడి ఆ నీళ్లు పోసేసరికి మట్టి క్షారమవుతుంది. జనం మట్టి మార్చి మళ్లీ అవే నీళ్లు పోస్తారు, మళ్లీ పసుపే. కుండీ అంచున పేరుకున్న తెల్లటి పొర మీద నిమ్మరసం పిండండి. బుసబుస పొంగితే అది నీళ్లు వదిలిన సున్నమే. నల్గొండ అనగానే అందరూ ఫ్లోరైడ్‌ను అనుమానిస్తారు గానీ, ఈనెల మధ్య పసుపుకు కారణం అది కాదు. ఆర్‌ఓ వదిలే వృథా నీళ్లు అసలే పోయకండి, ఉప్పులన్నీ అందులోనే చిక్కబడతాయి. గుడ్డు పెంకులు, కట్టెల బూడిద కూడా ఈ మొక్కకు వద్దు.

వాన నీళ్లు పట్టి పోయడం అన్నిటికన్నా మేలు. బోరు నీళ్లే గతి అయితే 5 లీటర్లకు ఒక నిమ్మకాయ పిండండి. వెంటనే తేరుకోవడానికి లీటరు నీళ్లలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం ఆకులు తడిసేలా కొట్టండి. కలిపిన మందు ఆ పూటే వాడేయాలి. 10 రోజులకోసారి, కొత్త చిగురు ఆకుపచ్చగా వచ్చేదాకా. అన్నభేది మట్టిలో వేస్తే క్షారానికి బిగుసుకుపోయి వృథా అవుతుంది. మట్టికే వేయాలంటే దుకాణంలో క్షార మట్టిలోనూ నిలిచే ఈడీడీహెచ్ఏ (EDDHA) ఇనుము అని అడిగి తీసుకోండి. మామూలుగా చేతికిచ్చే ఈడీటీఏ రకం క్షార మట్టిలో నిలవదు.

గార్డెనియా, అజేలియా కుండీలకూ ఇదే వైద్యం, కాకపోతే అజేలియాకు మన మే నెల ఎండ కూడా పడదు. మాంగనీసు లోపం, వేళ్లకు పట్టే నులిపురుగులు కూడా కారణం కావచ్చు. నీళ్లు మార్చాక కూడా చిగురు తిరగకపోతే వాటి గురించి ఆలోచించండి.