విద్యార్థులను అడవి క్యాంపుకు తీసుకెళ్లే ముందు

చలికాలం వచ్చిందంటే బడుల్లో, కాలేజీల్లో నేచర్ క్యాంపుల హడావుడి మొదలవుతుంది. నల్లమల అనో, మారేడుమిల్లి అనో నోటీసు పెట్టగానే తల్లిదండ్రులు మొదట అడిగేది పులి గురించే. నల్లమలలో పులులు ఉన్న మాట నిజమే. కానీ గుంపుగా మాట్లాడుకుంటూ నడిచే మనుషులను చూస్తే పులి సాధారణంగా తప్పుకుంటుంది. పిల్లల వెంట వెళ్లే టీచరు ఎక్కువ భయపడాల్సింది నీళ్లకు, చీకటికి, తన చూపు పక్కకు తిరిగే ఆ రెండు నిమిషాలకు.

నీళ్ల గురించి ఎంత చెప్పినా తక్కువే. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో దిగి ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది, ఎగువన లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి దగ్గర జలతరంగిణి జలపాతంలో ముగ్గురు వైద్య విద్యార్థులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వీళ్లెవరూ చిన్నపిల్లలు కారు. మనం నిలబడ్డ చోట ఎండ కాస్తున్నా, ఎక్కడో పైన కొండల మీద వాన పడితే వాగు ఒక్కసారిగా పొంగుతుంది. నీళ్లు మట్టిరంగులోకి మారినా, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా వెంటనే అందరినీ గట్టెక్కించాలి. బ్యాగులు, చెప్పులు పోతే పోనివ్వండి. ఎండిన వాగు ఇసుక మెత్తగా ఉంది కదా అని అందులో టెంట్లు వేయొద్దు.

స్నానాలు, ఈతలు వద్దని బస్సు ఎక్కకముందే తల్లిదండ్రుల ఎదుటే చెప్పండి. అక్కడికి వెళ్లాక చెబితే ఎవరూ వినరు. ఎవరైనా జారిపడితే స్నేహితులు వెనకాలే దూకేస్తారు, అప్పుడు ఒక ప్రాణం పోయే చోట మూడు పోతాయి. అందుకే పొడవాటి గట్టి తాడు ఒకటి ఎప్పుడూ ఒక టీచరు భుజానే ఉండాలి. గట్టు మీద నుంచి తాడు విసరాలి, లేదా కర్ర అందించాలి. అంతేగానీ నీళ్లలోకి దిగొద్దు.

ఇక పర్మిషన్ల సంగతి. టైగర్ రిజర్వులో అటవీశాఖ చూపించిన చోట తప్ప ఎక్కడా రాత్రి బస చేయకూడదు. ‘నాకు అక్కడ తెలిసినవాళ్లున్నారు, లోపల టెంట్ వేయిస్తాను’ అనే మాటకు లొంగకండి. అమ్రాబాద్ వైపు వెళ్తుంటే శ్రీశైలం రోడ్డులో మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారని గుర్తుపెట్టుకుని బస్సు టైమ్ వేసుకోండి. చీకటి పడ్డాక చేరి టెంట్లు వేసుకోవడం కంటే మధ్యాహ్నానికే చేరడం మంచిది. దారి చూపడానికి స్థానికుడిని తప్పకుండా పెట్టుకోండి, నల్లమలలో అయితే చెంచులనే. ఆయన ‘అటు వద్దు సార్’ అంటే వద్దనే అర్థం. కారణం చెబితేనే ఆగుతానని వాదించొద్దు.

నడిచేటప్పుడు ముందు ఒక పెద్ద, చివర ఒక పెద్ద, మధ్యలో పిల్లలు. 2023 ఆగస్టులో తిరుమల అలిపిరి నడకదారిలో చిరుత ఆరేళ్ల పాపను చంపేసింది. తర్వాత పదిహేనేళ్లలోపు పిల్లలను మధ్యాహ్నం 2 దాటితే ఆ దారిలోకి రానివ్వకుండా టీటీడీ ఆంక్ష పెట్టింది. చిరుత కన్ను విడిగా ఉన్న చిన్న ఆకారం మీద పడుతుంది. కాబట్టి ముందుకు పరిగెత్తేవాడినీ, ఫొటోల కోసం వెనకబడేవాడినీ ఇద్దరినీ ఆపాలి.

తలలు లెక్కపెట్టడం కన్నా జతలు కట్టడం మేలు. ప్రతి ఒక్కరికీ ఒక జోడీ ఉంటే, ఎవరు కనిపించకపోయినా మొదట ఆ జోడీయే చెబుతుంది. అయినా బస్సు దిగినప్పుడు, నడక మొదలయ్యే ముందు, తిరిగొచ్చాక, పడుకునే ముందు లెక్క తప్పనిసరి. ఎనిమిది మంది పిల్లలకు ఒక పెద్ద అన్నది నా లెక్క. అంతకన్నా ఎక్కువ మందిని ఒక్కరి చేతిలో పెడితే నేను ఒప్పుకోను. అమ్మాయిలు ఉంటే వాళ్ల టెంట్ల పక్కనే లేడీ టీచర్లు పడుకోవాలి. రాత్రి బయటికి వెళ్లాల్సి వస్తే టీచరును లేపమని గట్టిగా చెప్పండి, లేపినందుకు విసుక్కోవద్దు. విసుక్కుంటే రెండోసారి లేపకుండా ఒంటరిగా వెళ్తారు.

రాత్రి అనగానే పాములు. కట్లపాము రాత్రిళ్లు తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలోనే కాటేస్తుంది. దాని కాటుకు నొప్పి గానీ వాపు గానీ పెద్దగా ఉండకపోవచ్చు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున ఒక పిల్లాడు కడుపునొప్పి అంటున్నాడు, కనురెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది అంటే గ్యాస్ అనుకుని సోడా తాగించకండి. అది పాముకాటే అనుకుని బయల్దేరండి. టెంట్ జిప్ ఎప్పుడూ వేసి ఉండాలి, షూ దులిపి వేసుకోవాలి, టార్చ్ లేకుండా అడుగు బయట పెట్టకూడదు.

కాటు పడితే పిల్లను నడిపించకుండా మోసుకెళ్లండి. గాజులు, ఉంగరాలు తీసేసి, కాటు పడిన చేయి గానీ కాలు గానీ కదలకుండా కర్రతో వదులుగా కట్టండి. తాడు బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, పసర్లు, మంత్రాలు ఏవీ వద్దు. మందు ఆసుపత్రిలోనే ఉంది. అందుకే బయల్దేరే ముందే దగ్గరి ప్రభుత్వాసుపత్రికి ఫోన్ చేసి పాము విషానికి విరుగుడు ఇంజెక్షన్ స్టాకు ఉందా అని అడగండి. మన్ననూరు నుంచయితే అచ్చంపేట, మారేడుమిల్లి నుంచయితే రంపచోడవరం. అడవిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, 108కి ఫోన్ కలవకపోవచ్చు. కాబట్టి ఒక బండి, డ్రైవరు రాత్రంతా క్యాంపులోనే ఉండాలి. బస్సు పిల్లలను దింపి వెళ్లిపోయి మర్నాడు వస్తుందంటే ఆ ట్రిప్‌కు ఒప్పుకోకండి.

పెద్ద తేనెపట్లు ఉన్న చెట్లు, కొండచరియల కింద పొగ పెట్టొద్దు, రాళ్లు విసరొద్దు. సెంటు కొట్టుకుని రావొద్దని ముందే చెప్పండి. తేనెటీగలు లేస్తే ముఖం కప్పుకుని దూరంగా పరిగెత్తి బండిలో దూరాలి. నీళ్లలో దూకితే పైనే కాచుకుని ఉంటాయి. తినేవి టెంట్లో దాచుకోనివ్వకండి, కోతులు, చీమలు, ఎలుకలు వస్తాయి, ఎలుకల వెనక పాము వస్తుంది.

ఆస్తమా, మూర్ఛ, ఎలర్జీ ఉన్నాయేమో తల్లిదండ్రులను విడిగా అడగండి. అందరి ముందు అడిగితే దాచేస్తారు. ఇన్‌హేలర్ పిల్లాడి జేబులోనే ఉండాలి, బస్సు డిక్కీలో పెట్టిన బ్యాగులో కాదు.

తిరిగొచ్చాక కూడా కొంత పని ఉంటుంది. ఏజెన్సీ ప్రాంతాల్లో మలేరియా ఉంది, పొదల్లో తిరిగితే నల్లి లాంటి చిన్న పురుగుల వల్ల స్క్రబ్ టైఫస్ రావచ్చు. రెండూ కుట్టిన వెంటనే బయటపడవు, వారం దాటాకో రెండు వారాలకో జ్వరంగా మొదలవుతాయి. అప్పటికి అడవి సంగతి ఇంట్లో అందరూ మరిచిపోతారు. అందుకని తల్లిదండ్రులకు ఒక కాగితం రాసి పంపండి: నెలలోపు జ్వరం వస్తే డాక్టరుకు మొదటి మాటగా అడవికి వెళ్లొచ్చిన విషయం, ఏ ఊరు వెళ్లారో, ఏ తేదీల్లో వెళ్లారో చెప్పాలి. చంకల్లో, నడుము దగ్గర, చెవుల వెనక కాలినట్టు నల్లటి పొక్కు ఉందేమో చూడాలి, ఉంటే అది కూడా డాక్టరుకు చూపించాలి.