ఏ కంపెనీ పెట్రోల్ పోయిస్తే మైలేజీ ఎక్కువ? మీరే తేల్చుకోవడం ఎలా?

మా బామ్మర్దిది మిర్యాలగూడ. నల్లగొండలో మా ఇంటికి కారులో వచ్చినప్పుడల్లా ఒకటే తంతు. తిరిగి వెళ్లేటప్పుడు రిజర్వ్ లైటు వెలుగుతున్నా సరే, దారిలో ఏ బంకులోనూ ఆపడు. నలభై కిలోమీటర్లు అట్లాగే టెన్షన్ పడుకుంటూ వెళ్లి, వాళ్ల ఊళ్లో అలవాటైన బంకులోనే పోయించుకుంటాడు. "గా కంపెనీ పెట్రోల్ పోస్తే బండి గుంజుడే వేరే ఉంటది బావా. రెండు కిలోమీటర్లు ఎక్కువిస్తది" అంటాడు.

నేను నమ్మలేదు. కాదనడానికి నా దగ్గర లెక్కా లేదు. అందుకే ఒక నోటుబుక్కు కారులో పడేసి, కొన్ని నెలలు రాసుకుంటూ పోయాను. మీరూ చేయాలనుకుంటే పద్ధతి ఇది.

ముందు ఆ పెట్రోల్ ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోండి

హిందుస్థాన్ పెట్రోలియం (హెచ్‌పీసీఎల్) విశాఖ రిఫైనరీలో తయారైన పెట్రోల్ పైప్‌లైన్‌లో విజయవాడ, సూర్యాపేట మీదుగా సికింద్రాబాద్ దాకా వస్తుంది. ఇండియన్ ఆయిల్‌కు ఒడిశాలోని పారాదీప్ నుంచి హైదరాబాద్‌కు ఇంకో లైను ఉంది. రవాణా ఖర్చు తగ్గించుకోవడానికి ప్రభుత్వ కంపెనీలు దగ్గర్లో ఉన్న ఒకరి సరుకును మరొకరు తీసుకుంటాయి. కాబట్టి బంకు మీద బోర్డు ఒకరిదైనా, లోపలి పెట్రోల్ తయారైంది వేరొకరి రిఫైనరీలో కావచ్చు. ఎక్కడ తయారైనా అందరికీ ఒకటే ప్రమాణం, 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న బీఎస్-6. కంపెనీకీ కంపెనీకీ తేడా వచ్చేది ఆ తర్వాత కలిపే మందుల్లో, అంటే ఇంజెక్టర్లను, వాల్వులను శుభ్రంగా ఉంచే అడిటివ్‌లలో.

ఆ మందుల సంగతి తీసిపారేయలేం. అమెరికాలో డ్రైవర్ల సంఘం ట్రిపుల్-ఏ 2016లో పరీక్ష పెడితే, మంచి డిటర్జెంట్ కలిపిన పెట్రోల్‌తో పోలిస్తే మామూలు పెట్రోల్ వాడిన ఇంజన్లలో సగటున 19 రెట్లు ఎక్కువ మసి పేరుకుంది. అయితే అది సుమారు 6,400 కిలోమీటర్లు నడిచినంత పరీక్ష. ఈరోజు పోయించి రేపు పికప్ పెరిగిందనుకోవడం వేరే కథ.

మీ కారు ఏం అడుగుతోందో చూడండి

పెట్రోల్ మూత తెరిస్తే లోపలి వైపు స్టిక్కర్ ఉంటుంది. లేకపోతే కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. అక్కడ ఆక్టేన్ 91 చాలని ఉంటే, ఎక్స్‌పీ95 లాంటి ప్రీమియం పెట్రోల్‌కు ఎక్కువ డబ్బు పెట్టి లాభం లేదు. ఆక్టేన్ అంటే పెట్రోల్ బలం కాదు. ఇంజన్‌లో ఒత్తిడి పెరిగినప్పుడు స్పార్క్ మంట చేరకముందే తనంతట తాను అంటుకోకుండా ఆగే గుణం. ఘాట్ ఎక్కేటప్పుడు, నిండా జనంతో ఏసీ వేసుకుని వెళ్లేటప్పుడు ఇంజన్ టకటకమని కొట్టుకుంటే అక్కడ ఆక్టేన్ పనికొస్తుంది. టర్బో ఇంజన్ ఉండి, కంపెనీ పుస్తకంలోనే 95 వాడమని రాసుంటే మాత్రం పిసినారితనం చేయకండి.

ఇక ఈ20. ఇప్పుడు బంకుల్లో మామూలుగా దొరికేది 20 శాతం ఇథనాల్ (చెరకు, ధాన్యం లాంటివాటితో చేసే ఆల్కహాల్) కలిపిన పెట్రోలే. లీటరుకు లీటరు లెక్కేస్తే ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కన్నా దాదాపు మూడో వంతు తక్కువ. ఇథనాల్ లేని పాత పెట్రోల్ కోసం చేసి, పది శాతం ఇథనాల్‌కు సర్దుబాటు చేసిన కార్లలో ఈ20తో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గొచ్చని 2021లో నీతి ఆయోగ్ ఇచ్చిన నివేదికే అంచనా వేసింది. పది శాతానికి తయారై ఇరవైకి సర్దుబాటు చేసిన కార్లలో 1 నుంచి 2 శాతం. అంటే లీటరుకు 16 ఇచ్చే పాత కారు 15కు పడితే, ఆ తప్పు మీ బంకుది కాదు. ఎదురుగా ఉన్న ఇంకో కంపెనీ బంకుకు మారినా అది తిరిగి రాదు.

టైర్లలో గాలి

పెట్రోల్ కంపెనీని అనుమానించే ముందు దీన్ని సరిచేయండి. పొద్దున్నే, బండి ఇంకా కదలకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. డ్రైవర్ డోరు తెరిస్తే పక్క స్తంభం మీద ఎంత ఉండాలో రాసుంటుంది. మే నెల ఎండలో ముప్పై కిలోమీటర్లు తోలుకొచ్చి గాలి చూస్తే మీటరు ఎక్కువ చూపిస్తుంది, సరిపోయిందిలే అనుకుంటారు.

మా బామ్మర్ది గుట్టు కూడా ఇక్కడే బయటపడింది. వాళ్ల బంకులో గాలి మిషన్ దగ్గర ఒక పెద్దమనిషి ఉంటాడు. పెట్రోల్ పోయించిన ప్రతిసారీ నాలుగు టైర్లూ, స్టెప్నీతో సహా, చూసి పంపిస్తాడు. మా ఇంటి దగ్గరి బంకులోనేమో గాలి మిషన్ ఏడాదిలో సగం రోజులు పనిచేయదు. ఆ రెండు కిలోమీటర్లలో గాలి వాటా ఎంతో మీరే ఊహించుకోండి.

పోయించే తీరు

ఒక బంకు, ఒకే పంపు ఎంచుకోండి. ఫుల్ ట్యాంక్ అని చెప్పండి. నాజిల్ టక్కుమని మొదటిసారి ఆగిన చోటే ఆపించండి. "ఇంకో యాభై రూపాయలు పడతది సార్, రౌండ్ చేద్దాం" అంటాడు, వద్దనండి. ఆ యాభై రూపాయలే మీ లెక్క పాడుచేస్తాయి. పోయడం మొదలుపెట్టే ముందు సున్నా చూసుకోవడం మామూలే. ట్రిప్ మీటరు కూడా సున్నా చేసి, బయల్దేరండి.

మళ్లీ పోయించేది కనీసం 400 కిలోమీటర్లు తిరిగాకే. ఎందుకో చెప్తాను. 300 కిలోమీటర్లకు 18 లీటర్లు పట్టిందనుకోండి, మైలేజీ 16.7. నురగ వల్ల నాజిల్ ముందే ఆగిపోయి 17 లీటర్లే పడితే అదే కారు 17.6 చూపిస్తుంది. ఒక్క లీటరు తేడాతో దాదాపు కిలోమీటరు "పెరిగింది"! 480 తిరిగాక ఇదే పొరపాటు జరిగితే, 29కి బదులు 28 లీటర్లు పడితే, తేడా 0.6 మాత్రమే. బంకు మారిస్తే మైలేజీ పెరిగిందని చెప్పేవాళ్లలో చాలామంది ఒక్క ట్యాంకు లెక్కతో చెప్పేవాళ్లే.

దారి కూడా ఒకటే ఉండాలి. నాకు నల్లగొండ–మిర్యాలగూడ రోడ్డు కుదిరింది. వడ్ల సీజన్‌లో మాత్రం ఈ పరీక్ష పెట్టుకోకండి. రైస్ మిల్లులకు పోయే ట్రాక్టర్లు, లారీల వెనకాల సెకండ్ గేరులో ఈడ్చుకుంటూ పోతే ఏ కంపెనీ పెట్రోలైనా ఒకటే.

కంపెనీ మార్చినప్పుడు మొదటి ట్యాంకును లెక్కలోకి తీసుకోవద్దు. అడుగున పాతది కలిసి ఉంటుంది. ఆ తర్వాత మూడు ట్యాంకులు రాయండి. తర్వాత రెండో కంపెనీవి మూడు. ఓపిక ఉంటే మళ్లీ మొదటి కంపెనీకి వచ్చి ఇంకో మూడు.

కళ్లకు గంతలు

పికప్ సంగతికి మీటరు లేదు, మనసే మీటరు. అందుకే నేను ఒక ఉపాయం చేశాను. బామ్మర్ది మా ఇంట్లో ఉన్నప్పుడు అతని కారు మా అబ్బాయితో పంపించి పోయించాను, ఏ బంకో చెప్పొద్దన్నాను. ఇలా మూడుసార్లు. నడిపి చూసి చెప్పమంటే రెండుసార్లు తప్పు చెప్పాడు. మూడోసారి సరిగ్గా చెప్పాడు గానీ, కారులో బిల్లు కనిపించిందని మా అబ్బాయి అనుమానం.

నోటుబుక్కు లెక్క కూడా అదే చెప్పింది. ఒకే బంకులో పోయించిన మూడు ట్యాంకుల మధ్యే ముప్పావు కిలోమీటరు అటూఇటూ వచ్చింది. రెండు కంపెనీల సగటుల మధ్య తేడా అంతకన్నా తక్కువ. మీకూ ఇట్లాగే వస్తే తేడా లేదనే అర్థం. రెండు వైపులా మూడేసి ట్యాంకులూ ఒకదాని మీద ఒకటి పడకుండా దూరంగా వస్తే అప్పుడు ఆలోచించండి, అదీ కంపెనీ గురించి కాదు, ఆ బంకు గురించి.

బంకును పరీక్షించడం

ప్రతి బంకులో ఫిల్టర్ పేపర్ ఉండాలి, అడిగితే ఇవ్వాలి. నాజిల్ మూతి తుడిచి ఒక చుక్క వేయండి. రెండు నిమిషాల్లో ఆరిపోవాలి. నల్లటి మరక మిగిలితే కల్తీ అనుమానం. కొలత మీద అనుమానం ఉంటే, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఐదు లీటర్ల పాత్రలో పోసి చూపించమనండి. 25 మిల్లీలీటర్ల దాకా తేడాకు అనుమతి ఉంది. సాంద్రత కూడా అడగొచ్చు. 15 డిగ్రీల సెల్సియస్ వేడి లెక్కకు మార్చాక పెట్రోల్‌ది ఘనపు మీటరుకు 720 నుంచి 775 కిలోల మధ్య ఉండాలి, ట్యాంకరుతో వచ్చిన కాగితంలోని అంకెకు మూడు కిలోలకు మించి తేడా రాకూడదు.

పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు పోయిస్తే ఎక్కువ వస్తుందని మా వీధిలో ఒకాయన ఐదింటికే లేచి వెళ్తాడు. బంకు ట్యాంకు భూమి లోపల ఉంటుంది, పైన ఎండ మారినంతగా అక్కడ వేడి మారదు. నిద్ర పాడవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

వానాకాలం మాత్రం జాగ్రత్త. ఇథనాల్ నీటిని పట్టేస్తుంది. బంకు ట్యాంకులోకి నీళ్లు దిగితే అది పెట్రోల్‌ను వదిలేసి నీళ్లతో కలిసి అడుక్కు చేరుతుంది. ఒకసారి పెద్ద వాన మర్నాడు ఒక బంకులో పోయించుకుని రెండు కిలోమీటర్లు వెళ్లానో లేదో, కారు ఎగిరెగిరి పడి ఆగిపోయింది. మెకానిక్ ట్యాంకులోంచి ప్లాస్టిక్ సీసాలోకి తీసి చూపించాడు, అడుగున వేరే పొర స్పష్టంగా కనిపించింది. బంకుకు వెళ్లి అడిగితే "మా దగ్గర పోయించినట్టు బిల్లేది సార్?" అన్నారు. నగదు ఇచ్చాను, బిల్లు తీసుకోలేదు. కనీసం ఫోన్‌లో కట్టినా ఒక ఆధారం ఉండేది. ట్యాంకు కడిగించిన ఖర్చు నా నెత్తినే పడింది. ఇప్పుడు ప్రతి బిల్లూ అదే నోటుబుక్కులో పెట్టి, పక్కన తేదీ, పంపు నంబరు రాస్తున్నాను.