సాగర్ నీళ్ల వెంట వచ్చిన తాత: సెటిలర్ల ఇంటి చరిత్ర వెతకడం ఎలా

మిర్యాలగూడలో ముప్పై ఎనిమిదేళ్లు రైస్ మిల్లు గుమాస్తాగా చిట్టా, ఆవర్జా రాశాను. పద్దు కుదరకపోతే నిద్ర పట్టని జబ్బు అక్కడ అంటుకున్నదే. పని మానేశాక అది మా తాత మీదికి మళ్లింది. ఆయన గుంటూరు జిల్లా రేపల్లె ప్రాంతం నుంచి హుజూర్‌నగర్ తాలూకాకు, సాగర్ ఎడమ కాలువ కింది భూములకు వచ్చిన మనిషి. మమ్మల్ని ఇక్కడ సెటిలర్లు అంటారు. నేను పుట్టింది ఇక్కడే అయినా ఆ మాట నన్ను వదల్లేదు. నేనూ దాన్ని తప్పుపట్టలేదు.

మా ఇంట్లో చెప్పుకునే కథ ఒక్క వాక్యం: "తాత అక్కడ ఎకరంన్నర అమ్మి, ప్లవ నామ సంవత్సరంలో నేరుగా ఇక్కడికి వచ్చి, అడవి కొట్టి మాగాణి చేశాడు." ఇందులో మూడు తప్పులు ఉన్నాయని తేలడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. మీకు అంత కాలం పట్టకూడదనే ఇది రాస్తున్నాను.

ముందు ఇంట్లోని అటక ఎక్కండి. కాగితాల కంటే ముందు ఇత్తడి సామాను దించండి. మన వాళ్లు పెళ్లికో గృహప్రవేశానికో బిందె, గంగాళం ఇస్తే దాని మెడ మీద ఇచ్చినవారి పేరు, ఊరు, ఒక్కోసారి సంవత్సరం చుక్కలతో చెక్కించేవారు. చింతపండు పెట్టి తోమి, పక్క నుంచి టార్చి వెలుతురు పడేలా పట్టుకుంటే అరిగిన అక్షరాలు కూడా లేస్తాయి. పాత సామాను కొనేవాడికి తూకానికి అమ్మేసిన ఇళ్లు చాలా ఉన్నాయి. అందుకే ఈ పని రేపటికి పెట్టుకోవద్దు. ఆ తర్వాత చదివింపుల పుస్తకాలు. పెళ్లిలో ఎవరు ఎంత చదివించారో రాసిన ఆ నోటు పుస్తకం మీ బంధువర్గానికి అచ్చమైన జాబితా. ఊరి పేర్లతో సహా ఉంటుంది. అయిదు రూపాయలు చదివించిన వాళ్ల కంటే ఇరవై అయిదు చదివించిన వాళ్లను ముందు వెతకండి. వాళ్లు దగ్గరివాళ్లు, లేదా అప్పు ఉన్నవాళ్లు. రెండింటిలో ఏదైనా మనకు పనికొచ్చేదే.

పెద్దవాళ్లను "ఏ సంవత్సరం?" అని అడగకండి. వాళ్లకు గుర్తున్నది సంవత్సరం కాదు, సందర్భం. కృష్ణా పుష్కరాలకు ముందా, తర్వాతా? పోలీసు చర్య నాటికి పెళ్లయిందా? దివిసీమ ఉప్పెన నాటికి ఇల్లు పెంకుటిల్లా, పూరిల్లా? పోలీసు చర్య 1948 సెప్టెంబరు, ఉప్పెన 1977 నవంబరు 19. ఇలాంటి మేకులు నాలుగు కొట్టుకుంటే మిగతా సంగతులు వాటికి తగిలించుకోవచ్చు. తెలుగు సంవత్సరం పేరు చెబితే మాత్రం మళ్లీ మళ్లీ పలికించండి. మా నాయనమ్మ "ప్లవ" అన్నదని నేను 1961 అని రాసుకున్నాను. కానీ లెక్క కుదరలేదు. ఎడమ కాలువకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4న. నీళ్లు రావడానికి ఆరేళ్ల ముందు డెల్టా రైతు ఈ చెలకల్లో వరి ఏం వేస్తాడు? చివరికి గృహప్రవేశానికి మేనమామ ఇచ్చిన బిందె తోమితే "ప్లవంగ, శ్రావణం" అని బయటపడింది. ప్లవంగ అంటే 1967. ఒక్క సున్నా, ఒక్క అక్షరం తేడాకి ఆరేళ్లు. మొదటి తప్పు అది.

ఇప్పుడు వదిలి వచ్చిన ఊరు. అక్కడ భూమి అమ్మి ఉంటే సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో దస్తావేజు ఉంటుంది. పాతవి కంప్యూటర్లో దొరకకపోతే పేరు, ఊరు, సుమారు సంవత్సరం రాసి ఇండెక్సు పుస్తకాల్లో వెతికించమని అర్జీ పెట్టుకోవాలి. నకలు చేతికి వచ్చాక అందరూ ధర చూస్తారు. మీరు హద్దులు చూడండి. తూర్పున ఎవరి చేను, పడమర ఎవరి చేను అన్నచోట అన్నదమ్ములు, దాయాదులు వరసగా నిలబడి ఉంటారు. సాక్షుల్లో ఒకరైనా బావమరిది అయి ఉంటాడు. ఎందుకు అమ్ముతున్నాడో కూడా చాలా దస్తావేజుల్లో రాస్తారు. మా తాతది "కుటుంబ ఋణముల నిమిత్తము". మా ఇంటి కథలో ఆ ఋణాల మాట లేదు. జిల్లా పేర్లతో జాగ్రత్త. రేపల్లె వైపు 1904కు ముందు కృష్ణా జిల్లా, తర్వాత గుంటూరు, 2022 నుంచి బాపట్ల. కాగితం మీద ఏ పేరు ఉందో దాన్నిబట్టి ఏ కార్యాలయాన్ని అడగాలో తేలుతుంది.

ఆ దస్తావేజు తేదీ 1965. ఇక్కడ గృహప్రవేశం 1967. మధ్యలో రెండేళ్లు ఎక్కడున్నారు? ఇలాంటి ఖాళీ కనిపిస్తే నేరుగా పిల్లల బడికి వెళ్లండి. మా నాన్న ఇక్కడ చేరిన బడి అడ్మిషన్ రిజిస్టర్లో "ఇంతకుముందు చదివిన పాఠశాల" అనే గడిలో విజయపురి సౌత్ అని ఉంది. అంటే డ్యాము కుడి గట్టు. తాత భూమి కొనడానికి రాలేదు. అప్పులు తీర్చగా మిగిలింది చాలక రెండేళ్లు సాగర్ డ్యాము పని మీద రాళ్లు మోశాడు. రాతి కట్టడం కాబట్టి ఆ రోజుల్లో అక్కడ కూలి దొరికేది. ఆ సంగతి నాయనమ్మ ముందు ఎత్తితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "చేతులు చూడలేకపోయేదాన్ని" అని మాత్రం అంది. రెండో తప్పు "నేరుగా". రిజిస్టర్లోని పుట్టిన తేదీని మాత్రం నమ్మకండి. జూన్ ఒకటి, జూలై ఒకటి అని ఉంటే అది పంతులుగారు పెట్టిన తేదీ.

ఇక ఈ వైపు. ఇక్కడి భూమి రికార్డుల భాష వేరు. ఏ సర్వే నంబరు ఎవరి పేరున ఉందో, ఎవరు ఏ పంట వేశారో ఏటా రాసే లెక్కను ఆంధ్రలో అడంగల్ అంటే ఇక్కడ పహాణీ అంటారు. అక్కడ సెంట్లు, ఇక్కడ గుంటలు. ఎకరానికి నూరు సెంట్లు, నలభై గుంటలు. 5.20 అని కనిపిస్తే మన వాళ్లు అయిదెకరాల ఇరవై సెంట్లు అనుకుంటారు. అది అయిదున్నర ఎకరాలు. తరి అంటే మాగాణి, ఖుష్కీ అంటే మెట్ట. పేరు తర్వాత "వల్ద్" అంటే ఫలానావారి కొడుకు, "జౌజె" అంటే ఫలానావారి భార్య. సంవత్సరాలు ఫసలీలో, అంటే పాత రెవెన్యూ లెక్కలో ఉంటే 590 కలపండి. 1364 ఫసలీ అంటే 1954-55. ఆ సంవత్సరం సర్వే నంబరువారీగా రాసిన ఖాస్రా పహాణీయే ఇక్కడ అన్నిటికీ మూలం. దానికీ ముందుది సేత్వార్, అంటే తొలి సర్వేలో తయారైన భూమి పట్టిక. పాతవి ఉర్దూలో ఉంటాయి. ఉర్దూ లిపిలో తెలుగు పేరు ఎలాగైనా చదువుకోవచ్చు కాబట్టి ఒకరితో చదివించి సరిపెట్టుకోకండి, ఇద్దరి చేత విడివిడిగా చదివించండి. నాకు ఒక రిటైర్డు ఉర్దూ పంతులుగారు చదివిపెట్టారు. డబ్బు తీసుకోలేదు, ఉస్మానియా బిస్కెట్లు మాత్రం తిన్నారు.

మీ ఊరు ఇప్పుడు ఏ జిల్లా అన్నది కాదు, అప్పుడు ఏ తాలూకా అన్నది తెలుసుకోండి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2016 అక్టోబరు 11న జిల్లాలు ముక్కలయ్యాయి. మా హుజూర్‌నగర్ సూర్యాపేట జిల్లాలోకి పోయింది. పాలమూరు వైపు ఇంకా చిక్కు. గద్వాల, అలంపూర్ 1956కు ముందు రాయచూరు జిల్లా, కొడంగల్ గుల్బర్గా జిల్లా. కోదాడ పక్కన మునగాల పరగణా చుట్టూ నైజాం నేల ఉన్నా తాను మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లా. తహసీల్దారు కార్యాలయంలో లేవంటే కలెక్టరేటు రికార్డు గది, అక్కడా దొరక్కపోతే హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్. నేను తిరిగిన ఒక కార్యాలయంలో పహాణీల కట్ట అడుగున చెదలు పుట్ట పెట్టింది. సగం ఊరు ఆ పుట్టలోకే పోయింది.

మన తాతలు కొన్న భూమికి రిజిస్టర్డు దస్తావేజు లేకపోతే కంగారుపడకండి. 1950 నాటి కౌలుదారీ చట్టం ప్రకారం వ్యవసాయ భూమి అమ్మకానికి తహసీల్దారు అనుమతి కావలసి ఉండేది. ఆ నిబంధన 1969లో పోయింది. అందువల్ల చాలామంది తెల్ల కాగితం మీద రాయించుకున్నారు. దాన్నే సాదా బైనామా అంటారు. తర్వాత దాన్ని సక్రమం చేయించుకుని ఉంటే 50-బి అనో 13-బి అనో సర్టిఫికెట్ ఉంటుంది. ట్రంకు పెట్టెలో వెతకవలసింది అవే.

ఇప్పుడు మూడో తప్పు. మన ఇళ్ల చరిత్రలన్నీ ఇక్కడే తేలిపోతాయి.

మిల్లులో ఎవరి ఖాతాలో జమ పడినా ఇంకో ఖాతాలో ఖర్చు పడాలి. తాతకు ఎనిమిదెకరాలు వచ్చాయంటే ఎవరి దగ్గరి నుంచో రావాలి. అందుకే తాత పేరు దొరికిన సర్వే నంబరునే పట్టుకుని వెనక్కి, ఖాస్రా పహాణీ దాకా వెళ్లండి. కాగితం మీద హక్కుదారు అయిన పట్టాదారు గడితో ఆగకండి, భూమి ఎవరి చేతిలో ఉందో చెప్పే కబ్జాదారు గడి చూడండి. రక్షిత కౌలుదార్ల, అంటే చట్టం రక్షణ ఇచ్చిన కౌలు రైతుల రిజిస్టరు ఉంటే అదీ చూడండి. మా నంబరులో పట్టాదారు మా తాతకు అమ్మిన దొరల కుటుంబమే. కబ్జా గడిలో వేరే పేరు ఉంది. ఆ ఇంటి పేరు వాళ్లు మాకు రెండు కిలోమీటర్ల దూరంలో, పాత ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు. అరవై ఏళ్లుగా ఒకే సంతకు పోతున్నాం.

వెళ్లాను. కాగితాలు చూపించలేదు, చూపిస్తే కోర్టు పని మీద వచ్చాననుకుంటారు. ఇలా వెళ్లేటప్పుడు తెలిసినవారిని వెంటబెట్టుకోండి, భూమి తగాదా ఏదీ లేదని మొదటే చెప్పండి. ఆ కబ్జాదారు కోడలు, ఎనభై దాటిన అవ్వ, అరుగు మీద కూర్చుని ఉంది. మా తాత అడవి కొట్టాడటగా అవ్వా, ఆ అడవి ఎలా ఉండేది అని అడిగాను. నవ్వింది. "అడవి ఎక్కడిది బిడ్డా, ఆముదం చేను. గట్టున జొన్న" అంది. ఏ మూల రాళ్లు ఎక్కువో, ఏ చోట మోట బావి ఉండేదో చెప్పింది. ఆ బావిని మా తాత పూడ్పించాడని నాకు తెలుసు. అది కూడా మా ఇంట్లో ఘనకార్యంగానే చెప్పుకునేవాళ్లం. మా దగ్గరున్న తెల్ల కాగితం మళ్లీ తీసి చూశాను. దొర సంతకం ఉంది, తాత సంతకం ఉంది. ఆమె మామగారి వేలిముద్ర ఎక్కడా లేదు.

సెటిలర్లంటే కోస్తా వాళ్లే అనుకోవద్దు. శ్రీశైలం జలాశయం కింద 1981లో ఊళ్లు ఖాళీ చేసి కొత్తచోట ఇళ్లు కట్టుకున్న కొల్లాపూర్, అలంపూర్ వైపు కుటుంబాలకూ ఇదే పద్ధతి. వాళ్లకు ఒక మేలు ఉంది. భూసేకరణ అవార్డు కాగితాల్లో పరిహారం కోసం ఇళ్లు, బావులు, చెట్లు లెక్కగట్టి రాశారు. మునిగిన వాకిట్లో వేపచెట్టు ఉందో లేదో కూడా దొరకవచ్చు. కాగితం లేని కాలానికి నోటి లెక్క ఉంది. కాపు, రెడ్డి కుటుంబాలకు పిచ్చుకుంట్లవారు గోత్రాలు, వంశాలు చెబుతారు. ప్రభుత్వం ఆ కులానికి ఇప్పుడు వంశరాజ్ అని పేరు పెట్టింది. తండాల్లో భాట్‌లు చెబుతారు. పద్మశాలీలకు కూనపులివారు. వాళ్లు వచ్చినప్పుడు అడిగి ఫోనులో రికార్డు చేసుకోండి, సంభావన ముందే ఇవ్వండి.

రాసేటప్పుడు నా పద్ధతి ఒకటే. కాగితం చూసింది సిరాతో, విన్నది పెన్సిల్‌తో. మా సర్వే నంబరు పేజీలో పైన రెండు వరసలు కొత్తగా చేర్చాను. "1954-55: అవ్వ మామగారు. ఆముదం, జొన్న, మోట బావి" అన్నదానిలో మొదటి సగం సిరా, రెండో సగం పెన్సిల్. దాని కింద "1967: తాత. వరి." ఆ రెండింటి మధ్య అవ్వ మామగారు చేను వదిలింది ఎప్పుడో, ఏం తీసుకుని వదిలాడో రాయడానికి ఒక వరస ఖాళీగా ఉంచాను. అవ్వ కొడుకు ఇంట్లో వాళ్ల నాన్న పెళ్లినాటి గంగాళం ఒకటి ఉందట, దాని మీద ఏవో అక్షరాలు ఉన్నాయట. వచ్చే ఆదివారం చింతపండు, టార్చి పట్టుకుని వెళ్తున్నాను.