మహిళల క్లాసిక్ షూలు, పాఠం 2: పంప్, దానికి దగ్గరి రకాలు

గత పాఠంలో షూ భాగాలను గుర్తుపట్టాం. పాదం ముందు భాగాన్ని కప్పేది వ్యాంప్, పక్కల నుంచి మడమ చుట్టూ తిరిగేది క్వార్టర్, మడమ వెనుక లోపలి పొరల్లో గట్టిగా నిలబడేది కౌంటర్, అరికాలి వంపు కింద షూ ఒంగిపోకుండా కాసేది షాంక్. ఈ పాఠంలో ఆ భాగాల సాయంతోనే పంప్, స్లింగ్‌బ్యాక్, మేరీ జేన్, టీ-స్ట్రాప్, బ్యాలే ఫ్లాట్ అనే రకాలను వేరుచేయడం నేర్చుకుందాం.

షూ కనబడగానే చాలామంది చూపు హీల్ మీదికే పోతుంది. రకం తెలుసుకోవడానికి అది సరైన మొదలు కాదు. స్టిలెటో (ఎత్తుగా, సన్నగా ఉండేది), కిటెన్ (పొట్టిగా, సన్నగా ఉండేది), బ్లాక్ (మందంగా ఉండేది) అనేవి ప్రధానంగా హీల్ ఆకారాల పేర్లు. ఒకే పంప్‌ను ఈ మూడింటిలో దేని మీద నిలబెట్టినా అది పంపే. అందువల్ల షూను చేతిలోకి తీసుకున్నప్పుడు మొదట వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: నడిచేటప్పుడు ఇది కాలి నుంచి ఊడిపోకుండా పట్టి ఉంచుతున్నది ఏది?

పంప్ విషయంలో ఈ ప్రశ్నకు జవాబు కాస్త ఆశ్చర్యంగానే ఉంటుంది. బ్రిటన్‌లో కోర్ట్ షూ అని పిలిచే ఈ రకానికి లేసు లేదు, బకిల్ లేదు, పట్టీ లేదు. ముందు అంచు వేళ్ల మొదళ్లను దాటి కొద్ది దూరంలోనే ఆగిపోతుంది. వేళ్ల వెనుక ఉన్న వెడల్పు భాగాన్ని వ్యాంప్, మడమను కౌంటర్ చెరో వైపు నుంచి పట్టుకోవడమే దాని బలమంతా. ఈ కారణం చేతనే చూడటానికి అన్నిటికన్నా సాదాగా ఉండే పంప్‌ను సరిగ్గా తయారుచేయడం అన్నిటికన్నా కష్టమని నేను భావిస్తాను. కొలతలో వచ్చిన కొద్దిపాటి తేడాను సర్దడానికి ఇందులో బిగించుకునే ఏర్పాటు ఏదీ లేదు.

ఒక మంచి పంప్‌ను పక్క నుంచి పరిశీలించండి. వెనుక అంచు నిటారుగా ఉండదు. పైకి వచ్చేసరికి మడమ ఎముకకు పైనున్న సన్నని భాగం వైపు కొద్దిగా లోపలికి వంగుతుంది. తర్వాత నోటి అంచు, అంటే పాదం దూర్చే చోటి అంచు, పొడవునా వేలితో తడమండి. చాలా షూలలో తోలుకూ అస్తరుకూ మధ్య పెట్టిన సన్నని టేపు గట్టిగా తగులుతుంది. వాడకంలో తోలు సాగి నోరు వెడల్పు కాకుండా ఆపేది ఆ టేపే. చివరగా అరికాలి వంపు దగ్గర బొటనవేలితో నొక్కి చూడండి. హీల్ ఉన్న షూ అక్కడ వంగకూడదు, వేళ్ల మొదళ్ల దగ్గర మాత్రమే వంగాలి.

మడమ జారుతోందంటే సైజు పెద్దదై ఉంటుందని చిన్నది అడగడం సర్వసాధారణం. ముందు కారణం ఏమిటో చూడాలి. పంప్‌లో మడమ జారడానికి తరచుగా కారణం ముందు భాగం పాదానికి వెడల్పు కావడం. హీల్ ఎత్తు మీద పాదం ముందుకు జారిపోతుంది, వెనుక ఖాళీ ఏర్పడుతుంది. యూరప్ కొలతలో ఒక సైజుకూ తర్వాతి సైజుకూ పొడవులో తేడా సుమారు 6.7 మిల్లీమీటర్లు. అంత పొడవు తగ్గించుకుంటే వేళ్లు నలిగిపోతాయి. దానికి బదులు అదే సైజులో వెడల్పు తక్కువైన షూను వెతకడం, లేదా వేళ్ల వెనుక ఆనే చోట పలుచని మెత్త పెట్టుకోవడం మంచి మార్గం.

స్లింగ్‌బ్యాక్‌లో ముందు భాగం పంప్‌లాగే ఉంటుంది గాని, వెనుక కౌంటర్‌ను తీసేసి ఆ పనిని మడమ వెనుక నుంచి తిరిగే పట్టీకి అప్పగిస్తారు. ఈ రకంలో అందరికీ తెలిసిన నమూనా 1957లో పారిస్‌లో ఫ్యాషన్ డిజైనర్ కోకో షనెల్, షూ తయారీదారు మసారోతో కలిసి రూపొందించిన లేత గోధుమ రంగు షూ. దాని కొన నలుపు. లేత రంగు కాలి రంగులో కలిసిపోయి కాలు పొడవుగా, నల్లని కొన వల్ల పాదం పొట్టిగా కనిపిస్తాయి. పట్టీలో ఎలాస్టిక్ ఉండటంతో అడుగు వేసినప్పుడల్లా అది మడమతోపాటు సాగుతుంది. వేసుకుని చూసేటప్పుడు పట్టీ మడమ ఎముక ఉబ్బెత్తుకు పైన ఆనుతోందో లేదో గమనించండి. ఉబ్బెత్తు మీదే ఆనితే నాలుగడుగులకే కిందికి జారుతుంది.

మేరీ జేన్‌ను గుర్తుపట్టడం తేలిక: మూసిన ముందు భాగం, మూసిన మడమ, పాదం పైన అడ్డంగా ఒక పట్టీ. ఆ పట్టీకి వ్యాంప్ నుంచి నిలువుగా మరో పట్టీ వచ్చి కలిస్తే అది టీ-స్ట్రాప్. 1920లలో వేగంగా కాళ్లు ఆడించే నాట్యాలు వ్యాపించినప్పుడు పట్టీ ఉన్న షూలకు ఆదరణ పెరిగింది. కాలు ఎంత విసిరినా అవి ఊడిపోవు. పంప్ నిలవని సన్నని పాదాలకు నేను ముందుగా సూచించేది వీటినే.

బ్యాలే ఫ్లాట్ కూడా పంప్ పద్ధతిలోనే పాదాన్ని పట్టుకుంటుంది, కాకపోతే హీల్ దాదాపు ఉండదు, నోటి అంచులో తాడు గాని ఎలాస్టిక్ గాని ఉంటుంది. 1956లో నాట్య షూల తయారీదారు రోజ్ రెపెటో, నటి బ్రిజిట్ బార్డో కోసం చేసిన జోడును లోపలి వైపు బయటికి ఉండేలా కుట్టి, ఆ తర్వాత తిరగేశారు. అందువల్ల అది మెత్తగా ఒంగుతుంది, అయితే ఆ పలుచని సోల్ ఎక్కువ దూరం నడవడానికి తగినది కాదు.

వ్యాంప్‌నూ మడమ భాగాన్నీ ఉంచి అరికాలి వంపు దగ్గర పక్కలను కోసేస్తే అది డోర్సే. వెనుక భాగమే లేకపోతే మ్యూల్.

అభ్యాసం: మీ దగ్గరున్న షూలలో మూడింటిని నేల మీద పెట్టి, పై నుంచి చూస్తూ నోటి అంచు గీతను మాత్రమే కాగితం మీద గీయండి. హీల్‌ను గీయవద్దు. ప్రతి బొమ్మ పక్కన, పాదాన్ని పట్టి ఉంచే భాగం ఏదో రాసి, ఆ తర్వాతే రకం పేరు రాయండి. మడమ వెనుక పట్టీతోపాటు పాదం పైన కూడా పట్టీ ఉన్న షూ కనిపిస్తే రెండు పేర్లూ రాయండి, అటువంటి కలగలుపు రకాలు చాలా ఉన్నాయి. లేసులున్న షూలను పక్కన పెట్టండి. వచ్చే పాఠంలో ఆక్స్‌ఫర్డ్, డెర్బీ అనే లేసు షూ రకాలను వేరుచేయడానికి అవి కావలసి వస్తాయి.